హేపువా పొద పూల సబ్బు

నూమెయా,
1971 ఫిబ్రవరి 7

రహేరా అక్కకి,

ఇయా ఓరానా. నువ్వు పంపిన డబ్బా అందింది. పడవ కళాసీ దాన్ని తలకింద దిండుగా పెట్టుకుని పడుకున్నాడో ఏమో, ఒక మూల చొట్టపడింది. సబ్బులకి మాత్రం ఏమీ కాలేదు. ఆకు విప్పానో లేదో, గదంతా మన ఇంటి వాసన. పక్కింటావిడ తలుపు దగ్గరికొచ్చి, "ఏం వండుతున్నావు?" అంది. సబ్బు చూపిస్తే నమ్మలేదు, వేలితో గీరి నాలిక మీద పెట్టుకుని చూసింది. కావలసిందే.

ఆరింటిలో ఐదు బట్టల పెట్టెలో దాచాను. ఒకటే వాడుతున్నాం. వాడటమంటే నేను ఆదివారం ఒక్కరోజే. మా ఆయన తిహోని మాత్రం రోజూ ఒళ్ళు రుద్దుకునే నికెల్ కొలిమి పనికి పోతాడు. అక్కడ బొగ్గు మసి మధ్య మనవాళ్ళు "పెళ్ళికొడుకు దిగాడురోయ్, దారివ్వండి" అని ఒకటే గోల. ఆయనకి లోపల సంతోషమే.

నాకు ఆ నురగ చేతిలో లేస్తే చాలు, పడవ ఎక్కేసినట్టే ఉంటుంది. హువాహినే నుంచి నేను వచ్చేసిన రోజు గుర్తుందా? కొబ్బరి బస్తాల మీద పడి దారి పొడుగునా వాంతులు చేసుకున్నాను. నువ్వు మెడలో వేసిన తియారే పూల దండ ముక్కు దగ్గర పెట్టుకుంటే కాస్త నెమ్మదించేది. ఒక సంగతి ఇన్నేళ్ళూ దాచాను, తిట్టకు. దీవి దాటేటప్పుడు దండని నీళ్ళలో వెయ్యాలి కదా, అది ఒడ్డుకు కొట్టుకొస్తే మనిషీ తిరిగొస్తుందని. నేను వెయ్యలేదు. ఆ వాసన వదులుకోవడానికి చెయ్యి రాలేదు.

హేపువా ఎలా ఉంది? అది పుట్టినప్పుడు మావి పాతిన చోట నువ్వు నాటిన తియారే పొద పువ్వులే కదా ఈ సబ్బులో ఉన్నవి. ఒళ్ళు రుద్దుకుంటుంటే హేపువా ఈ గదిలోనే తిరుగుతున్నట్టు ఉంటుంది నాకు.

మాకు ఇంకో గది ఇచ్చారక్కా. కిటికీ ఉంది. ఎదురుగా బడి. పిల్లలు పాఠాలు అరుస్తుంటే వింటూ కూచుంటాను. ఒక పని చెయ్యి: హేపువా పాదం పొడుగు దారంతో కొలిచి, ముడేసి, ఉత్తరంలో పెట్టి పంపు. ఎందుకని అడక్కు. నీతో ఇంకో మాట కూడా చెప్పాలి. ఇప్పుడు కాదు, కాస్త ధైర్యం రానీ.

తవిటా బావకి నా మాటగా చెప్పు, పందిని కాదు, తనని తాను మేపుకోమని.

నీ చెల్లి,
మోయా


పారేయా, హువాహినే,
1971 మార్చి 2

మోయా,

నీ ఉత్తరం చేరింది. ఇక్కడ అందరం క్షేమం. మీ బావ పందిని మేపుతూనే ఉన్నాడు. నీ మాట చెప్తే, "దానికి నాకున్నంత ఆకలి లేదులే" అన్నాడు.

దండ నీళ్ళలో వెయ్యలేదా! నీ మొహం మండ. ఆ సాయంత్రం ఒడ్డున పీతలు కరుస్తున్నా లెక్కచెయ్యకుండా ఎంతసేపు నిలబడ్డానో తెలుసా? దండ రాలేదు, ఇక చెల్లి రాదు అనుకుని ఇంటికెళ్ళి అన్నం ముట్టలేదు నేను. పదేళ్ళ తర్వాత తాపీగా చెబుతోంది మహారాణి.

మళ్ళీ ఆరు సబ్బులు పంపుతున్నా. ఈసారి నూనె బాగా కుదిరింది. గవ్వలో దూరి తిరిగే పీతల తోకలు నలిపి కొబ్బరి కోరులో కలిపాను, నాలుగురోజులు మంచి ఎండ కాసింది. మొగ్గలు తెల్లారకముందే హేపువా కోసింది, విచ్చుకున్నవి ఒక్కటీ రానివ్వలేదు. చీనా దుకాణంలో కాస్టిక్ సోడా చెమ్మపట్టిందని వాడితో పోట్లాడి కొత్త డబ్బా తెరిపించాను. సార్డీను డబ్బాల్లోనే పోశాను, అందుకే మూలలు గుండ్రంగా ఉంటాయి. నెలకు పైగా ఆరాయి. గట్టిగా ఉన్నాయి, నీళ్ళలో నానబెట్టి వదిలెయ్యకు.

దారం సంగతి. పిల్ల పాదం ఇంకా పెరుగుతోంది, ఇప్పుడు కొలిచినా లాభం లేదు. ఇంకోటి, దానికి ఈ మధ్య ఛాతీలో కఫం, రాత్రిళ్ళు జ్వరం. గాలి మార్పు అస్సలు పడదు దానికి. ఫ్రెంచి చదువూ అంతంతమాత్రమే. టీచరమ్మ ఏదైనా అడిగితే తాహితీ మాటల్లోనే జవాబు చెబుతుంది, దెబ్బలు తింటుంది. ఊరు దాటి పెద్ద బళ్ళలో ఇమడగలిగే పిల్ల కాదు.

గది దొరికినందుకు సంతోషం. కిటికీకి తెర వెయ్యి, దుమ్ము రాకుండా.

నీ అక్క,
రహేరా

హేపువా రెండు ముక్కలు రాస్తానంటోంది: *మోయా అమ్మా, నేను ఒక పెద్ద చేపని పట్టాను. అది పారిపోయింది. హేపువా.*


నూమెయా,
1971 మార్చి 28

అక్కా,

జ్వరమా? ఎన్నాళ్ళనుంచి? నాకు ఇక్కడ కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. రేవు ఊరు ఫారేలో డాక్టరుకి చూపించారా? సీమపనస ఆకుల కషాయం అంటూ కూచోకు. సబ్బు మాత్రం ఎప్పటిలాగే ఉంది. పొద పచ్చగా పూస్తోందంటే పిల్ల కూడా కుదురుగానే ఉండి ఉంటుందని మనసుకి చెప్పుకున్నాను. అయినా నిద్ర పట్టలేదు.

దారం పంపలేదు నువ్వు. పాదం పెరుగుతుందని నాకు తెలీదా, ఒక వేలు ఎక్కువ చేసి కొలవొచ్చు కదా. నీకెప్పుడూ ఇంతే, నేనేదైనా అడిగితే వంక సిద్ధంగా ఉంటుంది.

గదికి సున్నం వేశాం. తిహోని చిన్న మంచం చేశాడు, కాళ్ళు నాలుగూ నాలుగు పొడుగులు. కింద రాయి పెట్టాం. నేను జులైలో పడవకి వస్తున్నాను అక్కా. ఆయనకి సెలవు లేదు, ఒక్కదాన్నే. నాకు నీతో ఒక విన్నపం ఉంది. ఎన్నిసార్లు రాద్దామని కూచున్నానో, కాగితం మీద పెడితే అది మరీ పెద్దదిగా కనిపిస్తోంది. ఒకసారి అంతటి భారం నీ మీద పెట్టి వచ్చేశాను, నువ్వు కాదనలేదు. ఇప్పుడు ఇంకోటి అడిగే మొహం నాకుందా అనిపిస్తుంది. ఎదురెదురుగా కూచుని చెప్తాను.

జ్వరం సంగతి వెంటనే రాయి.

మోయా


పారేయా,
1971 ఏప్రిల్ 25

మోయా,

జ్వరం తగ్గింది. వస్తే రా. ఇది నీ ఇల్లు, రావద్దనడానికి నేనెవరిని?

ఇక్కడ వానలు. సబ్బులు నాలుగే పంపుతున్నా. తవిటా గాలం వేస్తూ బొటనవేలు కోసుకున్నాడు, వారంగా పసిపిల్లాడిలా మూలుగుతున్నాడు.

ఇంకేమీ లేవు.

రహేరా


నూమెయా,
1971 మే 16

అక్కా,

ఏం జరిగింది? నిజం చెప్పు. దేవుడి మీద ఒట్టు, నన్ను పిచ్చిదాన్ని చెయ్యకు.

డబ్బా విప్పగానే తెలిసిపోయింది. సబ్బు మెత్తగా ఉంది, వేలు పెడితే దిగింది. వారం కూడా ఆరనివ్వలేదు నువ్వు, చేతులు మండిపోయాయి నాకు. ఇన్నేళ్ళలో ఆరని సబ్బు నీ ఇంటి గడప దాటిందా? సరే, వానలు, తొందరపడ్డావు అనుకుని నురగ చేశాను. అది హేపువా పొద వాసన కాదు. అందులో ఉన్నది దేవగన్నేరు. మన ఊళ్ళో దేవగన్నేరు ఉన్నది ఒక్కచోటే అక్కా, ప్రార్థన మందిరం వెనక, సమాధుల దగ్గర.

నేను ఆ సబ్బు చేతిలో పట్టుకుని నీళ్ళ తొట్టి పక్కన కూచుని ఏడ్చాను. తిహోని వచ్చి, "పిచ్చిదానా, సబ్బు చూసి ఎవరైనా ఏడుస్తారా?" అన్నాడు. వాసన చూపించాను. ఆయన కూడా అవతలికి పోయి నిలబడ్డాడు.

పొదకేమైంది? పొద ఎండిందంటే పిల్లకేమైంది? జ్వరం తగ్గింది అని రెండు మాటలు రాశావు. ఉత్తరం చివర ఎప్పుడూ ఉండే దాని గీతలు ఈసారి లేవు. అది రాయలేదా, రాయలేకపోయిందా? సమాధుల దగ్గర పూలు కోయడానికి నీకేం పనిపడింది?

నా కూతురు బతికుందా అక్కా? ఒక్క ముక్క రాయి చాలు.

మోయా


పారేయా,
1971 జూన్ 6

చెల్లీ,

బతికే ఉంది. నిక్షేపంలా ఉంది. ఇప్పుడే సీమపనస కాయ సగం తినేసి, మిగతా సగం పందికి పెట్టి వచ్చింది. ముందు ఈ ముక్క చదువుకుని, నీళ్ళు తాగి, తర్వాత మిగతాది చదువు.

నీ ఉత్తరం చదివి నా మొహాన నేనే ఉమ్ముకోవాలనిపించింది. జ్వరం అబద్ధం మోయా. కఫం అబద్ధం. ఫ్రెంచి బడిలో దాన్ని మించినవాళ్ళు లేరు, టీచరమ్మ దాన్ని నిలబెట్టి మిగతావాళ్ళకి పద్యం చెప్పిస్తుంది. నువ్వు దాన్ని తీసుకుపోతావని భయంతో అదంతా రాశాను. గది అన్నావు, కిటికీ అన్నావు, ఎదురుగా బడి అన్నావు, పాదం కొలత అడిగావు, మంచం చేయించావు. పైగా ఏదో విన్నపం. ఇంకేమనుకోను?

నువ్వు పంతొమ్మిదేళ్ళ పిల్లవి, కడుపుతో మా ఇంటికొచ్చినప్పుడు నేనే అడిగాను. నాకు పిల్లలు లేరు, ఈ బిడ్డని నేను పెంచుకుంటానన్నాను. నువ్వు నా చెయ్యి తీసి నీ పొట్ట మీద పెట్టి, "అయితే ఇది నీదే, తన్నులు కూడా నువ్వే తిను" అన్నావు. మన మధ్య కాగితం లేదు, సాక్షి లేడు. ఇక్కడ ఎవరింట్లోనూ ఉండవు. కన్నతల్లి వచ్చి నా బిడ్డ అంటే నేను ఏ నోటితో కాదంటాను?

పొద సంగతి చెప్తాను. నీ మార్చి ఉత్తరం నేను తవిటాకి పైకి చదివి వినిపించి, పిల్లని తీసుకుపోవడానికే వస్తోంది అన్నాను. ఆ మూల చాప మీద పిల్ల పడుకుని ఉంది, నిద్రపోతోందనుకున్నాను. మర్నాడు పొద్దున్న వలలు తీసుకుని తిరిగొచ్చేసరికి పెరట్లో ఇది గునపం పట్టుకుని ఉంది. ఒళ్ళంతా మట్టి. పొదని వేళ్ళతో సహా పెకలించి కిరోసిన్ డబ్బాలో కుక్కింది. గుంత దాని నడుము లోతు. "ఎక్కడికే ఇది?" అన్నాను. "నూమెయాకి" అంది. అంతే. పుట్టినప్పటినుంచి మేం దానికి చెప్పిందేమిటి? నీ పొద ఎక్కడుంటే నువ్వు అక్కడి దానివి అని. అది తన పొదని మూట కట్టుకుంది మోయా. నీ దగ్గరికి రావడానికి. నన్ను ఒక్క మాట అడగకుండా.

కొట్టలేదు, తిట్టలేదు. లోపలికి పోయి కూచున్నాను. పొద నాలుగురోజుల్లో ఆకులు రాల్చేసింది. సబ్బు లేకుండా డబ్బా పంపితే నీకు అనుమానం వస్తుందని, పాస్టరమ్మ కంచె మీద దొరికిన నాలుగు తియారే మొగ్గలు, సమాధుల దగ్గర దేవగన్నేరు పూలు కలిపి హడావిడిగా పోసేశాను. నీ ముక్కుని తక్కువ అంచనా వేశాను. అది కూడా నా తప్పే.

అందుకని నేను మనసు గట్టి చేసుకున్నాను. వచ్చి తీసుకువెళ్ళు. అది రావాలనుకుంటోంది, నీకు గది సిద్ధంగా ఉంది. దానికి చేప ముళ్ళు తీసి పెట్టాలి, ఇప్పటికీ గొంతులో ఇరికించుకుంటుంది. ఉరుమంటే భయం, పక్కలో చోటివ్వు. తల దువ్వేటప్పుడు మాట్లాడుతూ ఉంటే ఏడవదు.

నువ్వడిగిన దారం ఇందులో పెట్టాను. ముడి దగ్గరికి దాని పాదం. ఒక వేలు ఎక్కువే కొలిచాను. కొలుస్తుంటే కాలు ముడుచుకుంది, గిలిగింత అనుకున్నాను, మొహం చూస్తే కాదు. నేనూ అడగలేదు.

అక్క,
రహేరా


నూమెయా,
1971 జూన్ 24

నా పిచ్చి అక్కా,

ముందు నీళ్ళు తాగాను. తర్వాత చదివాను. తర్వాత తిహోని చదివాడు. చదివి, "మీ ఇద్దరికీ రాయడం నేర్పినవాణ్ణి తన్నాలి" అన్నాడు.

నేను హేపువాని తీసుకుపోతానని ఎవరన్నారు నీకు? ఎక్కడ రాశాను? పాదం కొలత అడిగింది బూట్లు కొనడానికి, మే నెల కానుకల పండుగకి. తెల్లగౌను వేసుకుని మందిరంలో పాడుతుంది కదా, తెల్లబూట్లు పంపుదామని, ముందే చెబితే నువ్వు దానికి చెప్పేస్తావని దాచాను. నీ నోట్లో నువ్వుగింజ నానదు. పండుగ అయిపోయింది, పాపం పిల్ల పాత బూట్లతోనే పాడి ఉంటుంది.

ఇక రెండోది. నేను కడుపుతో ఉన్నాను. సెప్టెంబరులో కంటాను. గది ఈ బిడ్డకి, మంచం ఈ బిడ్డకి. బడి ఎదురుగా ఉందన్నది ఊసుపోక రాశాను. ఈ పిల్లల అరుపులు వింటుంటే హేపువా ఎలా చదువుతుందో అనిపించేది, అంతే. అది నీ కూతురు. కన్నది నేనైనా సరే. దాన్ని నీ పక్కలోంచి లాక్కుపోయి నేనేం బావుకుంటాను?

నా విన్నపం చెప్తాను, ఇప్పుడిక సిగ్గు లేదు. ఈ బిడ్డ నా దగ్గరే పెరుగుతుంది, ఇక్కడే. కానీ ఈ ఊళ్ళో మట్టి ఎర్రగా, పొగ వాసనతో ఉంటుంది. ఇక్కడ ఆస్పత్రిలో కంటే మావిని ఏం చేస్తారో కూడా తెలీదు, పారేస్తారట. పక్కింటావిడ చెప్పింది. నీ ఇంట్లో, నీ చేతుల్లో కనాలి నేను. ఈ బిడ్డ మావి హేపువా పొద పక్కన పాతాలి. ఎక్కడ పెరిగినా ఇద్దరూ ఒక మట్టివాళ్ళు కావాలి. ఒక బిడ్డని నీ చేతిలో పెట్టి వచ్చేశాను. మళ్ళీ వచ్చి నాలుగు నెలలు నీ నెత్తినెక్కి కూచుంటానని ఎలా అడగను? అందుకే నాన్చుతూ వచ్చాను. ఈలోగా నువ్వు నీ గుండె నువ్వే కోసుకున్నావు, నేను ఒక సబ్బు ముందు కూచుని బతికున్న పిల్లకి ఏడ్చాను.

ఒకటి అడుగుతాను. హేపువా పొద తవ్వింది సరే. ఎందుకు తవ్వావని దాన్ని ఎవరైనా అడిగారా? దారంతో పాదం కొలుస్తుంటే ఆ మొహం ఎందుకలా పెట్టిందని అడిగావా? అడగలేదని నాకు తెలుసు. వెళ్తానంటుందేమోనని భయం నీకు. ఇప్పుడు అడుగు. నా ముందు వద్దు, నేను రాకముందే అడుగు.

జులై ఇరవైకి తాహితీలో పపీటే రేవు చేరతాను. అక్కడ మేనత్త ఇంట్లో రెండురోజులుండి పడవెక్కుతాను. బూట్లు కొన్నాను. ముడి దగ్గరికి సరిగ్గా సరిపోయాయి.

నీ చెల్లి,
మోయా


పారేయా,
1971 జులై 11

మోయా,

ఇది నూమెయాకి పంపితే నీకందదు. పపీటేకి, మేనత్త ఇంటికి వేస్తున్నాను. పడవ ఎక్కేముందు చదువుకో. కొబ్బరి బస్తాల మీద పడుకోకు, కళాసీకి చెప్పి నీడలో చాప వేయించుకో.

నీ ఉత్తరం తవిటాకి చదవలేదు ఈసారి. నేనొక్కదాన్నే చదివి, బయటికి పోయి హేపువాని పిలిచాను. అది చేపల పొలుసులు గీరుతోంది. పక్కన కూచుని నేనూ కత్తి తీసుకున్నాను. అప్పుడు అడిగాను.

"పొద ఎందుకు తవ్వావే?"

గీరడం ఆపకుండానే, "తిడతావా?" అంది.

"తిట్టను."

"మోయా అమ్మ ముందోసారి రాసింది కదా, సబ్బు రుద్దుకుంటే నేను ఆ గదిలోనే ఉన్నట్టుంటుందని. నువ్వు చదివావు. ఆ సబ్బులో ఉన్నది నా పొదే కదా. పొద మొత్తం పంపేస్తే ఆ గదిలో అదుంటుంది, నేను వెళ్ళక్కర్లేదనుకున్నాను."

కత్తి చేపల బుట్టలో పడేశాను. నన్ను వదిలిపోవడానికి మూట కట్టుకుందనుకున్నాను మోయా. ఆ పసిది తనకి బదులు తన పొదని పంపుతోంది. పది వేళ్ళూ బొబ్బలెక్కేలా తవ్వింది, నా దగ్గర ఉండటానికి. మరి నాతో ఎందుకు చెప్పలేదే అంటే, "నువ్వేమీ అనలేదుగా. తిట్టలేదు, కొట్టలేదు. నన్ను పంపేయడం నీకిష్టమేననుకున్నా. దారంతో కాలు కూడా కొలిచావు" అంది. దాదాపు మూడు నెలలు ఇద్దరం ఒకే చాప మీద పడుకుని, ఒకరికొకరం తెలీకుండా ఇదే ఏడుపు. పొలుసుల చేతులతోనే దాన్ని పట్టుకున్నాను. ఇద్దరికీ జుట్టు నిండా పొలుసులే. తవిటా వచ్చి చూసి, "పిల్లి ఎత్తుకుపోతుంది చేపల్ని, తర్వాత ఏడవండి" అన్నాడు. ఎత్తుకుపోయింది కూడా.

నా దగ్గర ఉండటానికి నా అనుమతి అడుగుతావా నువ్వు? సిగ్గులేదూ? నాలుగు నెలలు కాదు, నీ కడుపులో బిడ్డకి నడక వచ్చేదాకా ఉండు. తిహోని వంట నేర్చుకుంటాడు. మంత్రసానికి ఇప్పుడే చెప్పి ఉంచాను. నిన్ను కూడా నా చేతుల్లో పెట్టింది ఆవిడే, ఇంకా చూపు బాగానే ఉంది, నోరైతే అంతకంటే బాగుంది.

డబ్బాలో పొద చచ్చిందనే అనుకున్నాం. తవిటా మోకాలి ఎత్తున నరికి రోజూ నీళ్ళు పోస్తున్నాడు. ఏమవుతుందో నేను చెప్పలేను. మొన్న ఒక కణుపు దగ్గర గీరితే లోపల పచ్చగా ఉంది, అంతే.

ఒక సబ్బు మిగిలింది, పాత పొద పువ్వులతో పోసింది, మార్చిలో డబ్బాలో పట్టక పక్కన పెట్టాను. పురిటి స్నానానికి ఉంచాను. ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు.

మీ బావ నిన్న పెరట్లో ఆ గుంత పూడ్చేద్దామని పార పట్టుకొచ్చాడు, పంది పడుతుందని. హేపువా పరుగెత్తుకెళ్ళి గుంతలోకి దూకి కూచుంది. "ఇది నాదొక్కదానిదే కాదు, మోయా అమ్మ కడుపులోది కూడా ఇందులోనే. పూడ్చడానికి వీల్లేదు" అంది. ఎంత పిలిచినా రాలేదు. మధ్యాహ్నం అక్కడికే తిండి పట్టుకెళ్ళాను. ఇది రాస్తున్న ఇప్పుడు కూడా అందులోనే ఉంది, తల మాత్రం కనిపిస్తోంది, కోళ్ళని తోలుతోంది. తెల్లబూట్లు వచ్చాక గాని పైకి రాదట.

వచ్చేటప్పుడు దండ నీళ్ళలో వెయ్యకు. మెడలో వేసుకునే రా.

నీ అక్క,
రహేరా